తేదీ చుట్టాలు

ఈమధ్య జిరాక్సు షాపుల్లో స్టేప్లరును దారంతో బల్లకు కట్టేస్తున్నారు. బ్యాంకుల్లో పెన్నును కట్టేయడం నాకు తెలుసు. దానికి ఒక చరిత్ర ఉంది, ఆ చరిత్రలో నా పాత్ర కూడా కొంత ఉంది. కానీ స్టేప్లరును కట్టేయడం అన్యాయం. ఆ దారం మూరెడు కూడా ఉండదు. కాయితాలు పట్టుకుని మనమే దాని దగ్గరకు వెళ్లి, నడుము వంచి, దండం పెడుతున్న భంగిమలో రెండు పిన్నులు కొట్టుకుని రావాలి. మొన్న అమలాపురంలో ఒక షాపులో అలా వంగినప్పుడు నా నడుము పట్టేసింది. లేవలేక అలాగే ఉండిపోతే, వెనకనున్నాయన "కానివ్వండి గురువుగారూ, నిదానంగానే కానివ్వండి" అన్నాడు. మా వైపు మర్యాద ముందు వస్తుంది. సాయం తరువాతి బస్సులో వస్తుంది.

అలా వంగి ఉన్నప్పుడే రాజోలు జిరాక్స్ గారు గుర్తొచ్చారు.

ఆయన షాపులో స్టేప్లరుకు దారం ఉండేది కాదు. రెండు నెలలకొకటి మాయమయ్యేది. "కట్టేయొచ్చు కదండీ" అని నేను ఒకసారి అంటే, ఆయన కళ్లజోడు నుదుటి మీదకు తోసి, "పోతే పోతుందండి. ఎక్కడికి ఎల్లినా ఎవరింట్లోనో రెండు కాయితాల్ని కలుపుద్ది కదండి" అన్నారు. అన్నాక, ఆ పోయిన స్టేప్లరు ఏ ఇంట్లో ఏం కలుపుతోందో చూస్తున్నట్టు కాసేపు రోడ్డు వైపు చూశారు.

ఆయనకు పేరు లేకపోలేదు. కానీ వేలమంది పేర్లు అక్షరం తప్పు లేకుండా రాసిన ఆ మనిషిని సొంత పేరుతో పిలిచినవాళ్లు నేనెరిగినంతలో లేరు. అందరికీ జిరాక్స్ గారే. మా గోదావరి వైపు యంత్రానికి కూడా గారు చేర్చగలం కనుక అది ఎగతాళి కాదు. నేనూ ఆ పేరు రాయను. ఆయనకు పేర్ల మీద పెద్ద గురి ఉండేది కాదు. గురి అంతా తేదీల మీద.

తహసిల్దారు ఆఫీసు ప్రహరీగోడను ఆనుకుని ఆ షాపు. ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. కువైట్‌కో మస్కట్‌కో వెళ్లే మా వాళ్ల ప్రయాణం విమానంతో కాదు, ఆ కుర్చీతో మొదలయ్యేది. పాస్‌పోర్టు ఫారాలు, రేషను కార్డులో మార్పులు, పెన్షను కాయితాలు అన్నీ ఆయనే నింపేవారు. కాయితం చేతికిస్తే ఎవరైనా ముందు పేరు చూస్తారు. ఆయన ఎడమ బొటనవేలితో పేరును కప్పేసి, పుట్టిన తేదీ చూసేవారు. చూసి ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. ఆ తరువాతే బొటనవేలు లేచేది, మనిషికి పేరు వచ్చేది.

"అదేంటండీ అలా మూసేస్తారు?" అని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు.

"పేరంటే అమ్మానాన్నా పెడతారండి. తేదీ ఎవరు పెట్టేరు?"

అని, జేబులోంచి ఎర్రపెన్ను తీసి పైకి చూపించేవారు. పైన నాకు ఫ్యాను తప్ప ఏమీ కనపడేది కాదు. కానీ కుర్చీలో కూర్చున్నవాళ్లు మాత్రం భక్తిగా ఫ్యాను వైపు చూసేవారు.

బల్ల సొరుగులో పొడుగాటి బౌండు పుస్తకం ఒకటి ఉండేది. సంవత్సరంలో ఎన్ని రోజులో దానిలో అన్ని పేజీలు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదికి కూడా నిండు పేజీ ఇచ్చారు. "నాలుగేళ్లకోసారి వచ్చినంత మాత్రాన ఆళ్లు మనుషులు కారేంటండి" అనేవారు. కాయితాల పని మీద వచ్చిన మనిషి సరేనంటే, ఆ తేదీ పేజీలో పేరు, ఊరు, ఫోను నెంబరు ఎక్కించేవారు. సంవత్సరంతో పనిలేదు. రోజూ నెలా కలిస్తే చాలు. అలా కలిసినవాళ్లు ఆయన భాషలో తేదీ చుట్టాలు.

నమ్మకం ఉన్న మనిషే గానీ ఏదిపడితే అది నమ్మే మనిషి కాదు. జూన్ ఒకటో తేదీ పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టి ఉండేది. మా తరంలో సగంమంది సర్టిఫికెట్ల ప్రకారం జూన్ ఒకటినే పుట్టారు. బడిలో వేసేటప్పుడు తల్లిదండ్రులు తేదీ చెప్పలేకపోతే మేష్టార్లు రాసేసే తేదీ అది. "అవి బడి తేదీలండి. బస్టాండులో పక్కపక్కన నుంచున్నోళ్లంతా చుట్టాలైపోతారేంటండి?" అనేవారు. జూలై ఒకటికి కూడా అదే శిక్ష. పేర్ల విషయంలోనూ అంత కచ్చితమే. భర్త సత్యనారాయణ, భార్య సత్యవతి అయితే మురిసిపోయేవారు కాదు. "అన్నవరం ఇంత దగ్గర పెట్టుకుని అది ఇశేషం అంటే దేవుడు నవ్వుతాడండి" అనేవారు.

ఒకరోజు నేను అక్కడ ఉండగా జరిగింది చెబుతాను. ఒక కుర్చీలో శివకోడు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, మస్కట్‌లో ఉన్న కొడుకు దగ్గరకు మొదటిసారి వెళ్లబోతున్నాడు. రెండో కుర్చీలో ఒకావిడ, అక్కడే పదేళ్లు ఇళ్లలో పనిచేసి వచ్చి పాస్‌పోర్టు మళ్లీ చేయించుకుంటోంది. ఇద్దరూ ఎవరికి వాళ్లు మొహం తిప్పుకుని కూర్చున్నారు. జిరాక్స్ గారి బొటనవేలు రెండో కాయితం మీద ఆగింది.

"ఏవండీ, మీ పక్కనున్న అమ్మగారిది కూడా నవంబరు ఏడేనండి" అన్నారు పెద్దమనిషితో.

"అయితే ఏం చెయ్యమంటారండి?"

"ఏం చెయ్యక్కర్లేదండి. మీరు తేదీ చుట్టాలు. ఓసారి పలకరించుకోండి."

"ఉన్న చుట్టాలతోనే ఏగలేకపోతున్నానండి బాబూ."

"ఈళ్లు ఏరండి. పెళ్లికి పిలవక్కర్లేదు. పిలవలేదని అలగరు."

పెద్దమనిషికి ఆ సౌకర్యం నచ్చినట్టుంది. అరగంట తరువాత చూస్తే, మస్కట్‌లో మన తోటకూర ఏ షాపులో దొరుకుతుందో ఆవిడ చెబుతుంటే ఆయన అరచేతి మీద రాసుకుంటున్నాడు. జిరాక్స్ గారు మాత్రం వాళ్ల వైపు చూడకుండా, తనకేమీ పట్టనట్టు మిషనులో కాయితాలు సర్దుతున్నారు. అప్పుడు ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. సంతోషం వస్తే ఆయనకు చెవుల్లో తెలిసేది.

నేను రాజోలు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. సర్టిఫికెట్లు కాపీలు తీయించుకోవడానికి మొదటిసారి వెళ్లినప్పుడు నా పేరు మీద కూడా ఆ బొటనవేలు పడింది.

"ఫిబ్రవరి ఇరవై ఏడు" అని ఆయన పుస్తకం తెరిచారు. పేజీ తెల్లగా ఉంది. ఆయన మొహం రిపోర్టు చూసిన డాక్టరు మొహంలా అయింది.

"మీకు ఎవరూ లేరండి."

"ఇంటి దగ్గర భార్య ఉందండీ" అన్నాను.

"ఆవిడగారిది ఏ తేదీ అండి?"

"జూన్ ఒకటి."

ఆయన జాలిగా తల ఊపి, నా కాపీలకు పిన్ను కొట్టి ఇచ్చారు. "ఎతుకుదాంలెండి" అన్నారు. నాకు తెలియకుండానే నేను "ఆయ్" అన్నాను. ఇంటికి వెళ్లేదాకా మనసులో ఎక్కడో చిన్న వెలితి. అప్పటిదాకా నాకు లేని జబ్బును ఆయన కనిపెట్టారు.

ఆ కక్షతోనే మరుసటి వారం వెళ్లి నా శాస్త్రం విప్పాను. ఒక గదిలో ఇరవై ముగ్గురుంటే చాలు, వాళ్లలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటయ్యే అవకాశం సగం కంటే ఎక్కువ అని, కాయితం మీద లెక్క వేసి మరీ చూపించాను. దీనిలో దేవుడి ప్రమేయం ఏమీ లేదన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. కాయితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశారు.

"సగమేనాండి?"

"సగం కంటే కొంచెం ఎక్కువ."

"మరి ఆ మిగతా సగం ఎవరు చూసుకుంటన్నారండి?"

ఆయన ఆ కాయితాన్ని పారేయకుండా కాపీ ఒకటి తీసుకుని, అసలుది నాకిచ్చారు.

అప్పటినుంచి ఇంచుమించు రోజూ సాయంత్రం ఆ షాపు దగ్గరే నా కాలక్షేపం. పుస్తకం చూడనిచ్చేవారు. మొత్తం మూడువేల చిల్లర పేర్లు. అంటే ఒక్కో తేదీకి సగటున ఎనిమిది మంది రావాలి. కొన్నిటికి ఐదుగురు, కొన్నిటికి పన్నెండు మంది. ఎర్రగీత కొట్టినవి పోగా, లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది, రెండు పేజీలు తప్ప. ఒకటి నాది, నా పేరు తప్ప ఖాళీ. రెండోది సెప్టెంబరు పంతొమ్మిది. దానిలో ఇరవై ఆరుగురు ఉన్నారు.

మూడుసార్లు లెక్కపెట్టాను. ఎనిమిది రావలసిన చోట ఇరవై ఆరు. ఒకే ఊరివాళ్లు కూడా కాదు. రాజోలు, మామిడికుదురు, సఖినేటిపల్లి, లంక గ్రామాలు, అన్నిచోట్ల నుంచీ ఉన్నారు. నా డిగ్రీని మొత్తం దాని మీద ప్రయోగించాను. దానికేమీ కాలేదు.

"ఇదేంటండీ ఇంతమంది?" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది నా తేదీ అండి" అన్నారు.

ఆయనకు ఎవరూ లేరు. "నాన్న రేవులో పడవ నడిపేవోడండి, పోయేడు" అని ఒకసారి అన్నారు. అంతకు మించి ఆయన కుటుంబ చరిత్ర లేదు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగితే, ఏదో ఒక ఫారం తీసి, దానిలో 'వర్తించదు' అని అచ్చువేసి ఉన్న గడి చూపించేవారు. కానీ ఆ పేజీ తెరిచినప్పుడు ఆయన వేరే మనిషి. ఒక్కొక్క పేరు మీదా ఎర్రపెన్ను ఆనించి, "ఈవిడికి మొన్న మోకాలి నెప్పి తగ్గిందండి. ఈయన దుబాయిలో కంపెనీ మారేడు. ఈ అమ్మాయికి మగపిల్లోడండి" అని చెప్పుకుపోయేవారు. చివర్లో పుస్తకం మూసి, అరచెయ్యి దాని మీద పెట్టి, "ఇదేనండి నాకున్నది. నాకు చుట్టాలు ఇరవై ఆరుగురండి" అనేవారు. ఊళ్లో తోటలున్నవాళ్లు ఎకరాలు చెప్పినట్టే చెప్పేవారు.

ప్రతి సెప్టెంబరు పంతొమ్మిదికీ షాపు సగం తెరిచేవారు. గల్ఫులో లేని తేదీ చుట్టాలు ఏడెనిమిది మంది వచ్చేవారు. రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే నాగమణి, ఆటో నడిపే సూర్రావు, ఒక ఏఎన్నెం, ఒక వంట మేస్త్రీ, ఇంకా కొందరు. కేకు ఉండేది కాదు, "కోస్తే ముక్కలవుద్దండి" అని. ఒక అట్టపెట్టె పూతరేకులు తెప్పించేవారు. కాయితంలా ఉండే మిఠాయి కనుక ఆయనకు బాగా నప్పింది. అందరూ నిలబడి తినేవారు, ఒకరినొకరు వేళాకోళం ఆడుకునేవారు. సూర్రావుకు, నాగమణికి అసలు పడదు.

"నేను నీకంటే మూడేళ్లు పెద్దోణ్ణి, అన్నయ్యా అని పిలువు" అనేవాడతను.

"ముందు ఆటోకి హారన్ బాగుచేయించుకో, తరవాత అన్నయ్యవవుదువు గాని" అనేది ఆవిడ.

నన్ను కూడా పిలిచేవారు, తేదీ లేని అతిథిగా. ఆ గుంపులో ఒక్కరు కూడా "మా అమ్మ", "మా నాన్న" అని కబురు మొదలుపెట్టగా నేను వినలేదు. అది అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే లెక్క అప్పుడే తేలేది.

అది తేలింది కొత్తపేటలో. మా కాలేజీలో తెలుగు చెప్పే మిత్రుడి ఇంటికి నవంబరులో ఒక ఆదివారం భోజనానికి వెళ్లాను. అతని తండ్రిగారు రిటైరైన హెడ్‌మాస్టరు. ఎనభై దాటాయి. తాను బతికే ఉన్నానని ఆఫీసుకు సర్టిఫికెట్టు పంపవలసిన నెల కనుక కాస్త చిరాకుగా ఉన్నారు. ఆయన్ను నవ్వించడానికి జిరాక్స్ గారి సంగతి ఎత్తుకున్నాను. బొటనవేలు, ఫ్యాను, ఖాళీగా ఉన్న నా పేజీ, అన్నీ చెప్పాను. ఆయన బాగానే నవ్వారు. సెప్టెంబరు పంతొమ్మిది, ఇరవై ఆరుగురు అనేదాకా.

"ఏ తేదీ అన్నారు?"

మళ్లీ చెప్పాను.

"నాకు ఉద్యోగం ఆర్డరు వచ్చిన రోజండి అది."

"చూశారా, ఆయన వింటే మిమ్మల్ని కూడా పుస్తకంలో ఎక్కిస్తారు" అన్నాను.

ఆయన నవ్వలేదు. మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "నన్ను ఆయన ఎక్కించడం కాదండీ. వాళ్లందర్నీ ఎక్కించింది నేను" అన్నారు.

తరువాత నెమ్మదిగా చెప్పారు. "అమ్మో నాన్నో పిల్లాణ్ణి తెచ్చి, వరికోతలప్పుడు పుట్టేడండి, గోదారి పొంగినప్పుడు పుట్టిందండి అనేవారు. తేదీ తెలీకపోయినా చెప్పే మనిషి ఉన్నాడు కదండీ. అలాంటోళ్లకి అందరూ వేసినట్టే జూన్ ఒకటి వేసేవాణ్ణి. కొందరు పిల్లలొచ్చేవారు, ఆ చెప్పేవాళ్లే లేనోళ్లు. పక్కింటావిడో, దారినపోయే ఆయనో చెయ్యి పట్టుకు తెచ్చి దింపి పోయేవారు. వాళ్లకి కూడా జూన్ ఒకటి వెయ్యడానికి మనసొప్పేది కాదు. నేనెరిగిన మంచిరోజు ఒక్కటే కదా అని, ఆ తేదీ వేసేవాణ్ణి."

"ఎంతమందికి వేశారండీ?"

"లెక్కపెట్టలేదండి. ముప్పై నాలుగేళ్లు చేశాను. మూడేళ్లకో ఊరు. అన్నీ ఆ రాజోలు చుట్టుపక్కలే." ఒక ముద్ద తిని, "ఒకసారి రేవులో పడవ నడిపే ఆయన ఒక కుర్రాణ్ణి తెచ్చాడు. తండ్రి పేరేంటయ్యా అంటే, నా పేరే రాసెయ్యండి అన్నాడు. పుట్టిన తేదీ అంటే, ఈడు మా రేవులో దొరికిన తేదీ చెప్పమంటారా అండీ అన్నాడు" అన్నారు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇరవై ఆరులో ఎనిమిది తీసేస్తే పద్దెనిమిది. ఆ ఎనిమిది మందీ న్యాయంగా ఆ రోజున పుట్టినవాళ్లు అనుకోవచ్చు. మిగతా పద్దెనిమిది మందీ, తాము పుట్టినరోజు చెప్పడానికి లోకంలో ఒక్క మనిషి లేని పిల్లలు. ఎవరికీ ఎవరితోనూ సంబంధం లేదు, ఆ లేకపోవడం ఒక్కటే సంబంధం. బడి తేదీలు పనికిరావని జూన్ ఒకటిని కొట్టేసిన జాగ్రత్తపరుడు, చివరికి ఒక బడి తేదీనే నమ్ముకున్నాడు. అది పొరపాటే. ఆ పొరపాటు వెంటే పోయి, ఎవరూ లేనివాళ్లను ఒక్కొక్కరిగా వెతికి, ఒకే పేజీ మీదకు తెచ్చాడు. వాళ్లలో తానూ ఒకడినని తెలియకుండా తెచ్చాడు. తేలని లెక్కలకు భయపడటం నాకు అలవాటే. తేలిన లెక్కను చూసి ఒళ్లు జలదరించడం అదే మొదటిసారి.

ఆయన ఎర్రపెన్ను పైకి చూపించి అడిగే ప్రశ్న గుర్తొచ్చింది. ఆ పైనున్నాయన కొత్తపేటలో మజ్జిగన్నం తింటున్నారు.

"ఆయనకు చెబుతారా?" అన్నారు పెద్ద మేష్టారు.

"లెక్కలవాణ్ణి కదండీ. జవాబు తెలిశాక దాచడం చేతకాదు."

"ఇది చెబితే ఆయనకేం మిగులుద్దో అది కూడా లెక్క వేసుకోండి" అని, ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

మర్నాడు షాపుకు వెళ్లాను. నోరు తెరవబోతుంటే జిరాక్స్ గారే లేచి ఎదురొచ్చారు. చెవులు రెండూ కుంకుమలా ఉన్నాయి.

"దొరికేడండి!"

"ఎవరండీ?"

"ఫిబ్రవరి ఇరవై ఏడు! ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులున్నాయంటండి. ఎవరో చెప్తే నెంబరు సంపాదించేను. ఇంకా కాయితం చూడలేదండి. కాయితం చూడకుండా మాత్రం ఎక్కించను." నా భుజం మీద చెయ్యి వేశారు. అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. "మీరింక ఒంటరోరు కాదండి లెక్చరర్ గారూ."

నేను చెప్పలేదు. ఆ తరువాత చెబుదామని ఇంకో మూడుసార్లు వెళ్లాను. ఒకసారి మిషను వేడెక్కింది, ఒకసారి నాగమణి ఫోను వచ్చింది, మూడోసారి కారణం కూడా అవసరం పడలేదు. రెండు కాపీలు తీయించుకుని వచ్చేశాను. వేటి కాపీలో గుర్తులేదు.

జనవరిలో ఒక ఉదయం షాపు తెరుస్తూనే ఆయన రక్తం కక్కుకుని పడిపోయారు. కడుపులో పుండు పగిలిందట. అమలాపురం తీసుకెళ్లాం. వెంటనే ఆపరేషను చెయ్యాలి, రక్తం కావాలి, సంతకం కావాలి అన్నారు. నేను వచ్చేటప్పుడు బౌండు పుస్తకం సంచిలో వేసుకొచ్చాను. ఎందుకు వేసుకున్నానో చెప్పలేను. ఆ పేజీ తెరిచి నాగమణికి ఒక్కదానికే ఫోను చేశాను. పదకొండు గంటలయ్యేసరికి ఏడుగురు వచ్చారు. నాగమణి ఫ్యాక్టరీ నుంచి తలకు కట్టిన ప్లాస్టిక్ టోపీతోనే వచ్చేసింది.

నర్సమ్మ బయటకు వచ్చి, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అంది.

ఏడుగురూ లేచారు.

"ఒక్కరు చాలండి. సంతకానికి."

"నేను తమ్ముణ్ణండి" అన్నాడు సూర్రావు.

"అతను ఇంగ్లీషులో పెడతాడండి, మీకు అర్థం కాదు. నేను చెల్లెల్నండి, ఇటివ్వండి" అని నాగమణి పెన్ను లాక్కుంది. సంబంధం అన్న గడిలో, జిరాక్స్ గారు నేర్పిన గుండ్రటి అక్షరాలతో 'చెల్లెలు' అని రాసింది.

తరువాత రక్తం ఇవ్వడానికి ఫారాలు నింపారు. నర్సమ్మ ఒకటి చూసింది, రెండోది చూసింది. మూడోది చూసి తల ఎత్తింది.

"అందరూ సెప్టెంబరు పంతొమ్మిదే రాశారేంటండీ? ఒకళ్లది చూసి ఒకళ్లు రాశారా?"

"లేదండి. అందరం ఆరోజే పుట్టేం" అన్నాడు సూర్రావు.

"ఏడుగురూనా?"

"ఆయ్. ఏరే ఏరే సంవత్సరాల్లో అండి. లోపలాయన మాకందరికీ పెద్దాయన."

నర్సమ్మ ఆ కాయితాలు పేర్చి, స్టేప్లరు కోసం వెతుక్కుంది. నేను ఒక మూల నిలబడి చూస్తున్నాను. అబద్ధం తేదీ రాసిన ఫారాలు ఆ బల్ల మీద దొంతరగా ఉన్నాయి. ఒక్కొక్కరూ చొక్కా చెయ్యి పైకి మడుచుకుని లోపలికి వెళ్లి వస్తున్నారు. ఆ పూట నేను నిలబడ్డచోటు నుంచి కదలలేదు. గుళ్లో కూడా నేను అంతసేపు నిలబడిన గుర్తు లేదు.

ఆయన మూడోరోజు పోయారు. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, మంచం చుట్టూ ఉన్నవాళ్లను కళ్లతోనే లెక్కపెట్టుకున్నారు. అది నేను చూశాను.

ఆయన పోయిన తేదీని నేను అన్నివిధాలా చూశాను. కూడి చూశాను, తీసి చూశాను. ఆ పేజీలో ఎవరున్నారో చూశాను. ఏ విశేషమూ దొరకలేదు. ఆయన ఉంటే ఏదో ఒకటి కనిపెట్టేవారు.

కర్మ చేసేవాళ్లు ఎవరన్న తగువు వస్తుందని భయపడ్డాను. వచ్చింది కూడా. అయితే మనిషి లేక కాదు, ఎక్కువై. పెద్దవాణ్ణని సూర్రావు నెగ్గాడు. కువైట్ నుంచి, దుబాయి నుంచి ఫోనుల్లో చూస్తూ కొందరు ఏడ్చారు. పదోరోజున షాపు ముందు షామియానా వేసి భోజనాలు పెట్టారు. అక్కడ నల్లగా, బలంగా ఉన్న ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఫిబ్రవరి ఇరవై ఏడు మీరేనాండి?" అన్నాడు. "మాది ఉప్పలగుప్తమండి. ఆయన నాకు పదిసార్లు ఫోను చేసేరు. కాయితం తెండి, కాయితం తెండి అని. తెద్దామనుకునేలోపే ఇలాగైంది." జేబులోంచి మడత పెట్టిన ఆధార్ కాపీ తీసి, ఎవరికివ్వాలో తెలియక నా చేతిలో పెట్టాడు. నేను నా బొటనవేలితో పేరు కప్పేసి తేదీ చూశాను. చూసి పక్కకు తిరిగాను. అక్కడ వంటల పొగ ఎక్కువగా ఉంది.

అందరూ వెళ్లిపోతుంటే షాపులోకి వెళ్లాను. నాగమణి మిషను దగ్గర నిలబడి, ఆ సెప్టెంబరు పేజీని చుట్టాలందరికీ తలో కాపీ తీస్తోంది. రెండువైపులా ఉంది కనుక రెండేసి కాయితాలు కలిపి పిన్ను కొడుతోంది. కొత్తపేటలో విన్నది ఆయనకు చెప్పలేకపోయాను. వీళ్లకైనా చెప్పకపోతే నేను లెక్కల మనిషినే కాననిపించింది. మొత్తం చెప్పేశాను. ఆర్డరు వచ్చిన రోజు, జూన్ ఒకటి, పడవ నడిపే ఆయన, ఏదీ దాచలేదు. ఆవిడ చేస్తున్న పని ఆపకుండా విన్నది.

"అంటే మా తేదీ మా తేదీ కాదంటారు."

"అందరిదీ అని కాదమ్మా. ఏడెనిమిది మందిది నిజమే అయ్యుంటుంది."

"నాదండి?"

"తెలీదు."

"ఆయనదండి?"

"ఆయనది మాత్రం పెద్ద మేష్టారు వేసిందే."

నాగమణి ఆఖరి కాపీకి పిన్ను కొట్టింది. స్టేప్లరును బల్ల మీద పెట్టి, నన్ను పైనుంచి కిందకు చూసింది.

"లెక్చరర్ గారూ, మీరు పుట్టినప్పుడు మీరు క్యాలెండరు చూసుకున్నారేంటండీ?"